బ్రదర్ ఫెర్మో అంగీ

భుజాన సంచీ వేసుకుని, చెప్పుల్లేని పెద్ద పాదాలు టపటపలాడిస్తూ బ్రదర్ ఫెర్మో మా కొండ ఊరి సందుల్లోకి వచ్చేవాడు. ఆయన పూజ చేసే ఫాదర్ కాదు. ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠానికి రొట్టె అడిగి తేవడమే ఆయన పని. రొట్టె పెడితే ఎడమ చెవి లాక్కుంటూ “దేవుడికి స్తోత్రం” అనేవాడు. మొహాన తలుపేసినా అదే మాట, అదే నవ్వు. ఆయన పునీతుడని ఊరంతటికీ నమ్మకం. అందుకే ఆడవాళ్ళు వెనకనుంచి ఆయన అంగీ అంచు కత్తిరించుకునేవారు, జ్వరమొచ్చిన పిల్లల మెడలో కట్టడానికి. చలికాలం వచ్చేసరికి పాదాల దాకా ఉండాల్సిన అంగీ మోకాళ్ళకెక్కింది.

మఠం పెద్ద ఫాదర్ అన్సెల్మో మండిపడ్డాడు. “వాళ్ళు కోస్తుంటే నీకు తెలీడం లేదటయ్యా?”

“తెలుసు ఫాదర్. చలి కదా, పిల్లల లాగులకి మాసికలు కావాలి. అడగడానికి సిగ్గు, పాపం.”



మర్నాడు రొట్టెల కొట్టు ఒర్సోలా కత్తెరతో ఆయన వెనక వంగింది. లోపల కొడుకు జ్వరంతో మూలుగుతున్నాడు. బ్రదర్ కదలకుండా నిలబడి, సూదీ దారం ఉన్న చెయ్యి వెనక్కి చాచాడు. “ఇవి కూడా తీసుకో తల్లీ. ఆ కాస్త ముక్క ఏం సరిపోతుంది? పెద్దది కోసుకో.”

ఒర్సోలా కత్తెర కింద పడేసింది. “ఆ మెట్టుమీద కూర్చోండి బ్రదర్. కదిలారంటే సూది గుచ్చుకుంటుంది!” అని గదిమి, తన నల్ల శాలువా చింపి, ఆ సూదితోనే అంగీకి అంచు కుట్టసాగింది.

ఆయన బెంగగా వెనక్కి తిరిగాడు. “మరి పిల్లాడి లాగో?”