చిన్నమ్మ చూసిన రాజవ్వ

నిన్న పొద్దున స్కూల్లో అటెండెన్స్ తీసుకుంటుంటే మా చిన్నమ్మ కూతురు సుజాత ఫోన్. వాళ్లమ్మను అవ్వ అంటుంది.

"అక్కా, అవ్వ లేస్తలేదే."

ఆ తర్వాత ఏం విన్నానో గుర్తు లేదు. రిజిస్టర్ టేబుల్ మీదే వదిలేసి సిరిసిల్ల బస్సెక్కాను.

లక్ష్మి చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. మరమగ్గాలకు నూలు కండెలు చుట్టీ చుట్టీ వేళ్లన్నీ గీతలు పడిపోయిన మనిషి. చదువు రాదు. కానీ నా నవలకు ఫస్ట్ రీడర్ ఆమే.

ఏళ్ల తరబడి రాస్తున్నాను ఆ నవల. ఆదివారం మధ్యాహ్నం వెళ్లి, రాసినంతవరకు చదివి వినిపించేదాన్ని. ఆమె కండెలు చుట్టుకుంటూ వినేది.

అందులో రాజవ్వ అని ఒక క్యారెక్టర్. పెళ్లై నేత ఇంటికి వచ్చినప్పుడు ఇరవై ఏళ్ల నవ్వులపిల్ల. నవల నడిచేకొద్దీ అరవై దాటుతుంది. పూర్తిగా నేను కల్పించిన మనిషి.

ఒకరోజు చదువుతుంటే చిన్నమ్మ మధ్యలో ఆపింది.

"గామె ఇప్పుడు గట్ల నవ్వుతలేదు బిడ్డా. ముందటి పండ్లు ఊడినయి గద. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటది."

"నీకెవరు చెప్పారు?"

"ఎవలు చెప్పుడేంది? నేనే చూస్తి."

పడీపడీ నవ్వాను. కానీ అది రాసుకున్నాను.

ఇక ప్రతి ఆదివారం ఏదో ఒక కబురు. రాజవ్వ ఉప్పు తగ్గించిందట. కోడలి మీద కోపం చల్లారిందట, ఆమెతోనే తల దువ్వించుకుంటోందట. అన్నీ నవల్లోకి ఎక్కాయి. డ్రాఫ్ట్ చదివిన ఫ్రెండ్ "క్యారెక్టర్ ఎంత నాచురల్‌గా మారిందో!" అంది. సిగ్గు లేకుండా థాంక్స్ చెప్పాను.

భయం వేసింది పోయిన ఎండాకాలం. రాజవ్వ తన సాంచను, అంటే మరమగ్గాన్ని, పాత ఇనుముకు అమ్మేసే చాప్టర్ రాసి తీసుకెళ్లాను. కాగితాలు బ్యాగులోనే ఉన్నాయి, నేనింకా చెప్పులు విడుస్తున్నాను.

"సాంచ అమ్ముకున్నదట గద పాపం. పొద్దున ఏడ్చుకుంట వచ్చింది. జర చాయ్ తాగి పోయింది."

ఆ రోజు బ్యాగు తెరవనేలేదు.

ఈమధ్య చిన్నమ్మ గుండె బలహీనపడింది. చెడ్డ కబుర్లేవీ చెవిన వేయొద్దన్నాడు డాక్టర్. సరిగ్గా అప్పుడే, పోయిన శుక్రవారం, నేను చివరి చాప్టర్ రాశాను. అందులో రాజవ్వ చనిపోతుంది. ఎండింగ్ బలంగా ఉంటుందని నేనే చంపాను. ఆ కాగితాలు ఎవరికీ చూపించలేదు.

ఆదివారం సిరిసిల్ల వెళ్లలేదు. పేపర్లు దిద్దాలని సాకు చెప్పాను. చిన్నమ్మ ఫోన్లో అడిగింది.

"రాజవ్వ ఎట్లున్నది బిడ్డా?"

"మంచిగనే ఉంది చిన్నమ్మా."

ఫోన్లో కండె చుట్టే చప్పుడు ఆగింది.

"సరే తియ్యి" అని పెట్టేసింది. మా మధ్య అవే ఆఖరి మాటలు.

నిన్న సాయంత్రం, దహనం అయ్యాక, సుజాత వచ్చి నా పక్కన కూర్చుంది.

"అక్కా, రాజవ్వ ఎవలు? మన చుట్టమా?"

"ఎందుకే?"

"పోయిన శుక్రవారం అవ్వ తల మీదికెల్లి నీళ్లు పోసుకున్నది. రాజవ్వ పోయింది, మనకు మైల, దీపం ముట్టియ్యకు అన్నది. పొద్దుమూకేదాక ఏం తినలే. ఎవలో నాకు సమజ్ కాలే."

శుక్రవారం.

నేను అబద్ధం చెప్పింది ఆదివారం.

అంతా తెలిసే అడిగింది. నేను నిజం చెబుతానేమోనని ఎదురుచూసింది. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్లం. చిన్నమ్మను ఒంటరిగా ఏడవనిచ్చాను.

"మన చుట్టమే" అన్నాను సుజాతతో.

నిన్న ఆ ఇంట్లో అందరూ ఒకసారి తలస్నానం చేశారు. నేను రెండుసార్లు చేశాను. రెండోది రాజవ్వ కోసం.

చిన్నమ్మా, రాజవ్వ పోయింది. నీకు చెప్పాల్సింది నేనే, చెప్పలేకపోయాను. మన్నించు.

ఇద్దరూ ఒకచోటే ఉంటే ఇక ఏ పనీ పెట్టుకోకండి. నెమ్మదిగా కూర్చోండి.