మస్తానన్న జేబులోని సెన్సార్

దయ్యాల కథలు చెప్పేవాళ్లను ఎగతాళి చేసే మనిషిని నేను. నందికొట్కూరులో బోరు మోటార్లు రిపేరు చేస్తాను. వైరు తెగితే మోటారు ఆగుతుంది, కలిపితే తిరుగుతుంది. ఇందులో దయ్యానికి పనేముంది? అయినా ఇది చెప్పక తప్పడం లేదు.

మా పాత కారు రెండు నెలలు ఏడిపించింది. ఇంజిన్ వేడెక్కితే చాలు, నడిరోడ్డు మీద ఆగిపోయేది. స్టీరింగు ముందు పసుపు లైటు ఆరేదే కాదు. రెండు షెడ్లలో ఏవేవో మార్చారు, జబ్బు పోలేదు. మా మెకానిక్ మస్తానన్న మాత్రం కాసేపు ఇంజిన్ దగ్గర చెవి పెట్టి, అది తిరగడం కనిపెట్టే సెన్సార్ పోయిందని తేల్చేశాడు. ఆయన చేతికి దండం పెట్టాలి.

ఆయన పద్ధతి ఊరందరికీ తెలుసు. పని అయ్యేదాకా బానెట్ మూయడు. మూసి ఉందంటే బండి తీసుకుపోవచ్చు, తాళం దానికే ఉంటుంది.

ఆ శుక్రవారం కారు ఆయన షెడ్డులో ఉంది, ఆయన నమాజుకు పోయాడు. మిరప చేలో మా తమ్ముణ్ణి పాము కరిచిందని, ఆసుపత్రికి తెచ్చామని ఫోను వచ్చింది. అక్కడ మందు ఎక్కించారు కానీ ఊపిరి మందగిస్తోంది, వెంటనే కర్నూలు పొమ్మన్నారు. అంబులెన్సు వేరే ఊరికి పోయి ఉంది. షెడ్డుకు పరుగెత్తాను. బానెట్ మూసి ఉంది. ఇంకేం ఆలోచించకుండా కారు తీసి, ఆసుపత్రిలో అమ్మనీ తమ్ముణ్ణీ ఎక్కించుకున్నాను.

ముప్పై కిలోమీటర్లు, మిట్టమధ్యాహ్నం ఎండ. కారు ఒక్కసారి కూడా తడబడలేదు. పసుపు లైటు వెలగలేదు. వెనక సీట్లో మా అమ్మ వాడి రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, "ఊపిరుండాది, పోనీరా, పోనీ" అంటూనే ఉంది. కర్నూల్లో వాడికి ఊపిరాడేందుకు గొట్టం వేశారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు.

గంట తర్వాత మస్తానన్న, ఊళ్లో సంగతి విని, బైకు మీద వచ్చాడు. గడ్డమంతా దుమ్ము.

"బండి యాడ ఆగిందప్పా? తమ్ముడుండాడా?"

"ఉండాడన్నా. బండి యాడా ఆగల్యా."

ఆయన జేబులోంచి కొత్త సెన్సార్ తీశాడు. "గాలిదుమారం లేస్తే బానెట్ మూసి పోయినా. ఇది నా కాడనే ఉండాది. మీరు యాడ నిలబడినారో అని దోవంతా ఎతుక్కుంటా వచ్చినా."

బానెట్ ఎత్తాం. సెన్సార్ ఉండాల్సిన చోట, దుమ్ము పోకుండా ఆయన కుక్కిన గుడ్డ పీలిక ఉంది. వైరు ఊరికే వేలాడుతోంది. పదిసార్లు తాళం తిప్పినా ఇంజిన్ స్టార్ట్ కాలేదు. ఆయన సెన్సార్ బిగించాక ఒక్క తిప్పుకే అయింది.

మోటార్లతో బతికే నాకు ఆ ముప్పై కిలోమీటర్ల సంగతి ఇప్పటికీ అంతుపట్టలేదు. మస్తానన్న దాన్ని తన గొప్ప చేసుకోలేదు, దేవుడి పేరూ ఎత్తలేదు. తప్పు తనదేనంటాడు. అలాంటి మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు. ఈనాటికీ శుక్రవారం నమాజు కాగానే మా ఇంటికి వచ్చి, తమ్ముణ్ణి ఎదురుగా కూచోబెట్టుకుని అడుగుతాడు.

"ఊపిరి బాగా ఆడతాండాదా అప్పా?"