అర అంగుళం తేడా

నేను ఐదడుగుల ఒక అంగుళం మనిషిని. అది అప్పటి మాట. ఇప్పుడు నా ఎత్తెంతో చెప్పాలంటే ఏ కాలి మీద నిలబడి కొలవాలో ముందు మీరు చెప్పాలి.

సిద్దిపేటలో నాకు చిన్న మొబైల్ షాపు ఉంది. కౌంటర్ వెనకాల నేను నిలబడే చోట ఒక చెక్కపీట వేసుకున్నాను. పీట మీద ఉన్నంతసేపూ అందరిలాంటి మనిషినే. పెళ్లిచూపులకు మాత్రం పీట మోసుకుపోలేం కదా. బెజ్జంకి వాళ్లు నా ఫొటో చూసి, "పిలగాడు అన్ని ఫొటోలల్ల కూసొనే ఉన్నడేంది?" అని అడిగి ఊరుకున్నారు. మిరుదొడ్డిలో ఇంకా నయం, ఇంటిదాకా రానిచ్చారు. అమ్మాయి మేనత్త మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఎగాదిగా చూసి, "పిలగాడు మంచిగనే ఉన్నడు గని, పక్కపొంటి నిలబడితె తమ్ముని లెక్క కొడ్తుండు" అంది. అందరూ నవ్వారు. మర్యాదకు నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంటికొచ్చి ఆ కోపమంతా బాపు మీద తీర్చుకున్నాను. బాపు గొల్లభామ చీరలు నేస్తాడు. మగ్గం గుంతలో కాళ్లు దించి కూర్చుంటే ఆయన పొట్టో పొడుగో ఎవరికీ తెలియదు. "నీ లెక్కనే పుట్టిచ్చినవు నన్ను. నువ్వు గుంతల కూసుంటవు, నీకు పొడుగుతోటి పనేంది?" అన్నాను. బాపు తెగిన పోగు అతికే పనిలో ఉన్నాడు. అతికి, నాడె అందుకుని మళ్లీ నేయడం మొదలుపెట్టాడు. ఏమన్నా అని ఉంటే నాకు బాగుండేది.

కాళ్లు పొడుగు చేసే ఆపరేషన్ ఉందని ఫోన్లో వీడియోలు చూసే తెలుసుకున్నాను. హైదరాబాద్‌లో డాక్టర్ దాపరికం లేకుండా చెప్పాడు. మోకాళ్ల కింద రెండు కాళ్ల ఎముకలూ కోస్తారు. కాలి చుట్టూ ఇనుప చక్రాలు పెట్టి, చువ్వలు ఎముకలోకి దించుతారు. వారం తర్వాత నుంచి రోజుకు నాలుగుసార్లు నట్లు పావుచుట్టు చొప్పున తిప్పాలి. కోసిన ఎముక రోజుకు మిల్లీమీటరు దూరం జరుగుతుంది, ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. "మీ ఆరోగ్యానికి దీని అవసరం లేదు, బాగా ఆలోచించుకోండి" అని రెండుసార్లు అన్నాడు. నాకు మిల్లీమీటరు ఒక్కటే వినిపించింది.

ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చాక, ఊళ్లో మాత్రం బండి మీద నుంచి పడ్డానని చెప్పాం. దాంతో మా వాడకట్టంతా పలకరించడానికి కదిలింది. కాళ్లు విరిగినవాడికి మేక కాళ్ల షోర్వ తాగిస్తే ఎముక తొందరగా అతుకుతుందని మా దగ్గర గట్టి నమ్మకం. రోజూ ఎవరో ఒకరు గిన్నెతో వచ్చేవాళ్లు. ఎముక అతక్కుండా చూసుకోవడానికి నేను పడుతున్న పాట్లు వాళ్లకేం తెలుసు! "లారీయా, కారా? ఏడ పడ్డడు?" అని అడిగితే నన్ను కన్న అవ్వ రోజుకో కథ చెప్పేది. అబద్ధం ఆడటం రాని బాపు, "గాడ, రోడ్డు మీద" అని గొణిగి మగ్గం దగ్గరికి పోయేవాడు.

నట్లు తిప్పడం నా వల్ల కాలేదు. మొదటిరోజే పానా చేతిలోంచి జారిపోయింది. అవ్వ ఆ ఇనుము చూస్తేనే పెరట్లోకి పారిపోయేది. చివరికి బాపే పట్టుకున్నాడు. పొద్దున, మధ్యాహ్నం, పొద్దు వాలాక, అన్నాలు తిన్నాక. చేతులు కడుక్కుని వచ్చి, కళ్లద్దాలు సవరించుకుని, ఒక్కో నట్టూ తిప్పేవాడు. తిప్పుతున్నప్పుడు అంతగా తెలిసేది కాదు. ఆ తర్వాత గంటకు పిక్కల్లో నరాలన్నీ ఒకేసారి లాగేవి. పాదం కిందికి వేలాడిపోకుండా తువ్వాలు వేసి వెనక్కి లాగే కసరత్తు ఉండేది, అది ఇంకో నరకం. ఏడ్చేవాణ్ని. బూతులు తిట్టేవాణ్ని. ఎవరిని తిట్టేవాణ్నో దాచను, బాపునే. ఇరవై ఎనిమిదేళ్లవాణ్ని, మంచం మీదే అన్నీ ఆయనే చూశాడు, ఆయన్నే తిట్టాను.

కుడికాలు ఎక్కువ నొప్పి పెట్టేది. రెండు మూడు రోజులకే కొద్దిగా నెమ్మదించింది. "ఇయ్యాల జర నయమున్నది బాపూ" అంటే ఆయన మొహం విప్పారింది. మందులు పనిచేస్తున్నాయనుకున్నాను. పదిహేను రోజులకోసారి చూపించుకోవాల్సింది. ఆ ఇనుముతో కారులో కూర్చుని హైదరాబాద్ దాకా పోవడం తలచుకుంటేనే ప్రాణం పోయేది. ఏదో వంక చెప్పి, కాళ్ల ఫొటోలు పంపి సరిపెట్టాను. పోయేసరికి తిప్పడం మొదలై రెండు నెలలైంది.

ఎక్స్‌రే చూసి డాక్టర్ కనుబొమలు ముడివేశాడు. ఎడమకాలు ఆరు సెంటీమీటర్లు పెరిగింది. కుడికాలు ఒకటిన్నర సెంటీమీటరు తక్కువ.

"నట్లు ఎవరు తిప్పుతున్నారు?" అన్నాడు.

"నేనే సార్" అన్నాడు బాపు. "పొల్లగాడు ఆగమాగం ఏడుస్తుండె. మద్యాన్నం పూట కుడికాలుది తిప్పి, మల్ల అంతే ఎనుకకు తిప్పిన. పడుగు బిగువెక్కితె పోగులు తెగుతయి సార్. మేం గట్లనే జర ఒదులు జేస్తం."

నలభై ఏళ్లు మగ్గం మీద ఆయనకు అన్నం పెట్టిన తెలివి అది. నా కాలినీ ఆ తెలివితోనే చూసుకున్నాడు. ఇవాళ ఇంత నిదానంగా రాస్తున్నాను గానీ ఆ గదిలో నేను అరిచిన అరుపుకు నర్సు తలుపు తీసి చూసింది. "నన్ను కుంటోన్ని జేసినవు! నీ లెక్కనే ఉండాల్నని జేసినవు!" అన్నాను. బాపు చేతులు రెండూ కడుపు దగ్గర పట్టుకుని నిలబడ్డాడు. డాక్టర్ ఆయన్ని బయట కూర్చోమన్నాడు.

తర్వాత డాక్టర్ నాతో చెప్పింది బాపు వినలేదు. నెమ్మదిగా లాగినందువల్ల కుడికాలి ఎముక అప్పుడే గట్టిపడింది, ఇక సాగదు. "ఎడమకాలిది ఇంకా మెత్తగానే ఉంది. కొద్దికొద్దిగా వెనక్కి తిప్పుకుంటూ వస్తే రెండు కాళ్లూ సమానం చేయొచ్చు. అర అంగుళానికి పైగా పోతుంది, నడక మిగులుతుంది" అన్నాడు.

ఆ అర అంగుళం! అన్ని రోజులు ఏడ్చి సంపాదించుకున్నది వెనక్కి ఇచ్చేయమంటున్నాడు. వద్దన్నాను. మరైతే కుడి ఎముకను మళ్లీ కోయాల్సి ఉంటుందన్నాడు. తర్వాత చేయించుకుంటానన్నాను. ఇంకోసారి అడిగాడు. మళ్లీ వద్దనే అన్నాను. కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు.

బయట బెంచీ మీద నుంచి బాపు లేచి, "ఏమన్నడు బిడ్డా?" అని అడిగాడు.

"ఇగ ఏం కాదట" అన్నాను.

ఇనుము తీసేసరికి ఇంకో ఏడు నెలలు పట్టింది. వాకర్, తర్వాత చంకకర్రలు, తర్వాత గోడలు. మళ్లీ కోయించుకునే ధైర్యం నాకు రాలేదు, ఇక రాదు. పాత బస్టాండు దగ్గర ఒకాయన కుడి బూటు లోపల అట్ట వేసి ఎత్తు సరిచేసి ఇచ్చాడు. ఆ బూట్లతో నడిస్తే తేడా ఎవరూ పట్టలేరు. కౌంటర్ వెనక పీట తీసేశాను. ఆ ధీమాతోనే చేర్యాల సంబంధానికి ఒప్పుకున్నాను.

నేను ఎంత తెలివైనవాణ్నంటే, పెళ్లిచూపులకు పోయిన ఇంట్లో గడప బయటే బూట్లు విప్పాలన్న సంగతి ఆ గడప ముందు నిలబడేదాకా గుర్తు రాలేదు. విప్పాను. గడప నుంచి కుర్చీ దాకా పది అడుగులు కూడా లేవు. అమ్మాయి వాళ్ల ఇంటిల్లిపాదీ నా నడక చూసింది.

"పిలగాని కాలుకేమైంది?" అన్నాడు అమ్మాయి తండ్రి.

సంబంధం తెచ్చినాయన ఎక్కడా తడబడకుండా, "బండి యాక్సిడెంట్, చిన్నది" అన్నాడు.

"అబద్దమెందుకు?" అన్నాడు బాపు. జీవితంలో నలుగురి ముందు అంత గట్టిగా ఆయన మాట్లాడటం నేను చూడలేదు. "యాక్సిడెంట్ గాదు. పొడుగుకోసం ఆపరేషన్ చేయించుకున్నడు. అంతా మంచిగనే అయితుండె. డాక్టర్ చెప్పినట్టు నేను తిప్పలే. తప్పు నాది. నా బిడ్డకు ఏ అయిబు లేకుండె, నేనే ఖరాబు జేసిన."

అమ్మాయి తండ్రి బాపును ఎగాదిగా చూసి నా వైపు తిరిగాడు.

"అట్లనేనా, బాబూ?"

బాపు వైపు చూడకుండా తల ఊపాను.