కల్లంలో పోసిన జలుబు మందు

ఇన్నేళ్లుగా ఈ మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. మా పాప పాలపళ్లు పుచ్చిపోవడానికి కారణం నేను. ఆ నింద మోసింది మా అత్తమ్మ.

మాది కారంపూడి దగ్గర పల్లె. పాపకు అప్పుడప్పుడే పళ్లన్నీ వస్తున్న వయసు. మిరపకాయలు కల్లంలో ఆరుతున్నాయి. నేను తాలు కాయలు ఏరుతుంటే, పక్కనే చీర ఉయ్యాలలో పాప ఆ ఘాటుకు తుమ్మీ తుమ్మీ ఏడ్చేది. జలుబనుకుని సిరప్ తెచ్చి పోశాను. తియ్యగా ఉందేమో, చప్పరించి తాగి పడుకుంది. అబ్బ, ఆ పూట ఎంత పని తెమిలిందో! కాయలు అమ్ముడై కల్లం ఖాళీ అయ్యాక కూడా, జలుబూ లేదు, తుమ్మూ లేదు, మధ్యాహ్నం కాగానే నా చెయ్యి ఆ సీసా మీదికే పోయేది. ఎందుకు మానలేదు? ఒళ్లు అలిసిపోయి అనుకుందామా? కాదు. ఆ నిశ్శబ్దం రుచి మరిగాను.

పాప ముందు పళ్లు నల్లబడి విరిగాక నరసరావుపేటలో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె నోరు తెరిపించి చూసింది.

"నోరు ఇంత ఎండిపోయిందేంటమ్మా? ఉమ్మి ఊరితేనే పళ్లకు రక్ష. తిన్న తీపిని కడిగేదీ, దెబ్బతిన్న పంటిని మళ్లీ గట్టిపరిచేదీ అదే. నిద్రొచ్చే జలుబు మందులేమన్నా పోస్తున్నారా? వాటితో ఉమ్మి తగ్గిపోతుంది."

"లేదండీ. మా అత్తమ్మే పొద్దస్తమానం బెల్లం పెడతది" అన్నాను.

పక్కనే ఉన్న అత్తమ్మ ముఖం పాలిపోయింది. "ఎప్పుడన్నా చిన్న ముక్కేగా అమ్మాయ్! నా చేత్తో నేనే పాడుచేశానా ఏంది?" అంది.

నేను పాప మూతి తుడుస్తూ కూర్చున్నాను.

ఆ రోజే మందు పారబోశాను. కొన్నాళ్లకు, నిద్రపోతున్న పాప నోటి చివర చొంగ మెరుస్తూ కనపడింది. ఛీ అని తుడిచేసే చొంగ. అలా చూస్తూ కూర్చుండిపోయాను. ఎవరూ చెప్పకుండా, ఎవరూ మెచ్చుకోకుండా, ఈ నీరేనా ఆ చిన్న నోటిని కడుగుతూ కాపాడుతూ వచ్చింది? కన్నతల్లిని నేనే దాన్ని ఎండగడుతుంటే, మిగిలిన నాలుగు చుక్కలతోనే తన పని తాను చేసుకుపోయిందా? దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా, నవ్వకండి.

తర్వాత పాపకు కొత్త పళ్లు వచ్చాయి, తెల్లగా, గట్టిగా. ఇంకేం భయం, అప్పుడైనా చెప్పొచ్చుగా? చెప్పలేదు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లిన ఆ రోజు నుంచి అత్తమ్మ మనవరాలి నోటికి ఏదీ తన చేత్తో అందించలేదు. అన్నం కలిపి కూడా ముద్ద నా చేతికే ఇచ్చి, "నువ్వు పెట్టు తల్లీ, నా చెయ్యి మంచిది కాదు" అంటుంది. ఇప్పటికీ అంతే.

ఆమె చెయ్యి మంచిదే. పాడు చెయ్యి నాది. ఈ ముక్క రాసేసరికి ఊపిరి కాస్త ఆడింది. ఆమెకు మాత్రం ఇంకా తెలియదు.