కంపెనీవాళ్ళకు పెట్టిన భోజనం

రాజమండ్రికి పెద్ద జీతాల కంపెనీలు ఎందుకు రావంటే విమానాలు చాలవని ఒకరు, నాయకులు పట్టించుకోరని ఇంకొకరు చెబుతుంటారు. ఒక కంపెనీ దాదాపు వచ్చి వెనక్కి వెళ్ళిపోయిన రోజున అరిటాకులు వేసినవాణ్ణి నేనే కాబట్టి, ఆ సంగతి రాసిపెట్టడం నా బాధ్యత. నిన్న మా బావగారి మేడకు మళ్ళీ టులెట్ బోర్డు కట్టడం చూశాక ఇక వాయిదా వేయదలచుకోలేదు.

అప్పట్లో నేను బట్టల కొట్టులో గుమస్తాని. చదివింది పదో తరగతే అయినా, కొట్టు నుంచి బయటపడితే తలుపులు వేసేదాకా గ్రంథాలయంలోనే ఉండేవాణ్ణి. ఊళ్ళు ఎలా పెరుగుతాయో, ఎందుకు ఆగిపోతాయో చెప్పే పుస్తకాలంటే నాకు కథలకన్నా ఇష్టం. బావగారు కొబ్బరితోట అమ్మి ఆ మేడ కట్టింది కంప్యూటర్ కంపెనీకి అద్దెకివ్వడానికి. అసలు ఆశ అద్దె మీద కాదు. మా మేనకోడలు ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో ఉంది. ఆఫీసు వస్తే పిల్ల ఇక్కడే ఉద్యోగం చేసుకుంటుందని అక్కాబావలది ఎప్పుడూ అదే మాట.

హైదరాబాద్ నుంచి ఒక కంప్యూటర్ కంపెనీ అధికారులు ఇద్దరు వచ్చారు. పొద్దున్న మేడ, జనరేటర్ చూసి బాగుందన్నారు. మధ్యాహ్నం కాలేజీకి వెళ్ళి పిల్లలతో మాట్లాడాలని వాళ్ళ ఏర్పాటు. కానీ మనవైపు అతిథిని అంత తొందరగా లేవనిస్తామా? రొయ్యల వేపుడు, కొరమేను పులుసు, పనసపొట్టు కూర, పూతరేకులు; అక్క వడ్డిస్తూనే ఉంది, బావగారు "ఇంకొక్క ముద్దండి, అసలేం తిన్నారని" అంటూనే ఉన్నారు. చివరికి ఆ ఇద్దరూ ఫ్యాను కింద నడుం వాల్చి, లేచేసరికి రైలు వేళయింది. అక్కడ కాలేజీలో మా మేనకోడలూ, తోటిపిల్లలూ ఇస్త్రీ బట్టల్లో ఎదురుచూస్తూనే ఉన్నారు.

స్టేషన్లో వాళ్ళలో పెద్దాయన మొహమాటంగా చెప్పాడు. "భోజనం మర్చిపోలేమండి. కానీ మా దగ్గర మానేసినవాడు ఇంకెక్కడ చేరతాడు? ఒకడు మానేస్తే మాకింకొకడు ఎక్కడ దొరుకుతాడు? ఇక్కడ రెండో కంపెనీ ఏదండీ?"

బావగారు తన మేడకు వంక పెట్టారనుకుని చిన్నబుచ్చుకున్నారు. నాకు మాత్రం చదివిందంతా ఒక్కసారిగా అర్థమైంది. మన కడియం నర్సరీలే చూడండి. అంటు కట్టడం నేర్చినవాడికి ఒక తోటలో సరిపడకపోతే పక్క తోటలో పని దొరుకుతుంది, యజమానికీ మనిషి దొరుకుతాడు, కొనేవాళ్ళూ వెతుక్కుంటూ అక్కడికే వస్తారు. ఎక్కడో ఒంటరిగా నర్సరీ పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలదు. పెద్ద జీతమిచ్చేవాడు మేడను చూసి రాడు, పనివచ్చిన మనుషులున్న చోటికి వస్తాడు; ఆ మనుషులేమో ఉద్యోగాలున్న చోటికి పోతారు. ఈ మాట ఎవరి ముందైనా చెప్పగలను.

మేనకోడలు హైదరాబాద్ వెళ్ళింది. ఇప్పుడు తన కంపెనీ కొత్త ఆఫీసులకు ఊళ్ళు చూసే పని ఆమెదే. పోయిన నెల వచ్చి, పెరుగన్నం తప్ప ఏమీ వద్దని ముందే చెప్పి, వాళ్ళ నాన్న మేడంతా తిరిగి చూసి, "రెండో కంపెనీ ఏది మావయ్యా?" అని అడిగింది. మొదటిది నువ్వు తెస్తే రెండోది వస్తుంది కదమ్మా అన్నాను. నవ్వి, రైలు వేళయిందని సంచీ తీసుకుంది. నిన్నటి బోర్డే ఆమె జవాబు.

ఆనాటి వంటలు గుర్తుచేసిన అక్కకు, ఇదంతా రాయడానికి ఒప్పుకున్న బావగారికి, దీపాలు ఆర్పే ముందు ఇంకో పేజీ చదువుకోనిచ్చిన గ్రంథాలయం అయ్యగారికి నా కృతజ్ఞతలు. మా మేనకోడలికి కూడా. ఆ ప్రశ్న ఒకప్పుడు పైఊరివాళ్ళు అడిగి రైలెక్కేవారు. ఇప్పుడు మన పిల్లలే అడిగి ఎక్కుతున్నారు.