నూటపది మీద ఉండిపోయిన స్విచ్చు

మా బావ ట్రెయిన్ లైటింగ్ ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. బోగీల్లో దీపాలు వెలిగేలా, పంకాలు తిరిగేలా చూడడం ఆయన ఉద్యోగం. ఇళ్లలో వచ్చే కరెంటు రెండు వందల ముప్పై వోల్టులైతే ఆయన పనిచేసిన బోగీల్లో నూటపదే. సర్వీసంతా ఆ నూటపదితో గడిపిన మనిషికి ఇంటి కరెంటు మీద ఏనాడూ నమ్మకం కుదరలేదు. ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన హిందీ ఊళ్లో, వానాకాలంలో కాలనీ కరెంటు ఎగిరెగిరి పడడం చూసి, వసారాలో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు బిగించి, దాని పక్కన ఎర్ర రంగు వేసిన సాకెట్టు పెట్టుకున్నాడు. అందులో నూటపదే వస్తుంది.

"ఇది మా కోచ్ కరెంటు. మెత్తగా ఉంటాది," అని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. అలాంటి సాకెట్లు కాలనీలో మరికొన్ని ఇళ్లలోనూ చూశాను. అన్నీ బావతోపాటు రైల్వే డిపోలో పనిచేసినవాళ్లవే.

మా అక్క ఆంప్లిఫయరు ఆ సాకెట్టు మూలంగానే కాలిపోయింది.

అది జపాన్‌లో తయారైన పాత ఆంప్లిఫయరు. బొగ్గు కంపెనీలో పనిచేసి బదిలీ అయిన ఒక తెలంగాణ కుటుంబం సామాను సర్దుకుంటూ మా అక్కకు ఇచ్చి వెళ్లింది. దాని వెనక వేలిగోరంత స్విచ్చు ఒకటి ఉంది. ఒక పక్కకు జరిపితే 110, ఇంకో పక్కకు జరిపితే 220. మామూలు ఇళ్లలో దాన్ని 220 దగ్గరే ఉంచి మరిచిపోతారు. మా బావ మాత్రం ఆ 110 అంకె చూసి సొంత ఊరివాడు కనిపించినంత సంబరపడ్డాడు. స్విచ్చును అటు జరిపి, ఎర్ర సాకెట్టుకు తగిలించాడు. ఇంట్లో అది చక్కగా పనిచేసింది.

మా అక్కకు ఆ ఆంప్లిఫయరు సరదా వస్తువు కాదు. కాలనీలో తెలుగు ఆడవాళ్ల కోలాటం జట్టుకు పాట చెప్పేది తనే. రెండేళ్ల క్రితం థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక గొంతు సన్నబడింది. పాట చెడలేదు, బలం తగ్గిందంతే. గట్టిగా పాడొద్దని డాక్టరు చెప్పాడు. కోలాటంలో అంతమంది కర్రలు ఒక్కసారి తగులుతుంటే ఆ గొంతు ఎదురుగా ఉన్నవాళ్లకు కూడా వినిపించదు. మైకు ఉంటేనే తను పాడగలదు.

దసరా దగ్గరపడుతుండగా ఒక సాయంత్రం కాలనీ హాల్లో ప్రాక్టీసు పెట్టుకున్నారు. బావ ఆంప్లిఫయరును స్కూటరు మీద పెట్టుకుని తెచ్చాడు. నేను స్పీకర్లు పట్టుకుని వెనక కూర్చున్నాను. హాల్లో ఉన్నది అందరి ఇళ్లలో ఉండే కరెంటే. బావ ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాడు. వెనకనున్న ఆ చిన్న స్విచ్చు ఇంకా నూటపది మీదే ఉంది.

లోపల టప్పుమంది. పైనున్న జల్లెడ రేకులోంచి తెల్లటి పొగ లేచింది. కాలిన వాసన హాలంతా కమ్మేసింది. వరసగా నిలబడ్డ అమ్మాయిల్లో ఒకతె, "అంకుల్ జీ, దీవాలీ అభీ సే?" అంది, దీపావళి అప్పుడే వచ్చేసిందా అన్నట్టు. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. ప్లగ్గు లాగేసి, వంగి వెనక చూసి, అలాగే వంగి ఉండిపోయాడు.

"ఏటైందండీ?" అంది అక్క, చేతిలో మైకుతో.

"నూటపది మీదుంది," అన్నాడు బావ. "నేనే ఉంచీసాను."

అక్క మైకు తీగను మోచేతికి చుట్టడం మొదలుపెట్టింది.

జట్టులో ఒక బ్యాంకు ఉద్యోగి భార్య ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చింది, చురుకైన మనిషి. "ఆంటీ, మీరు టెన్షన్ పడకండి. నా ఫోన్లో కోలాటం పాటలన్నీ ఉన్నాయి. బ్లూటూత్ బాక్స్ తెస్తాను. మీరు హాయిగా కూర్చుని చూడండి," అంది. మంచి మనసుతోనే అంది. మర్నాడు తెచ్చింది కూడా. హాలు అదిరిపోయే బాక్సు.

కోలాటంలో పాట చెప్పే మనిషి పని పాడడంతో అయిపోదు. కళ్లెప్పుడూ కాళ్ల మీదే ఉండాలి. ఎవరో ఒకరు మలుపు దగ్గర వెనకబడతారు. అప్పుడు పాట చెప్పే ఆమె చివరి మాటను ఇంకాస్త సాగదీస్తుంది, లేదా అదే పాదాన్ని మళ్లీ ఎత్తుకుంటుంది. వెనకబడ్డ మనిషి అందుకుని వలయం కలిశాకే తర్వాతి పాదం. మా అక్క పాతికేళ్లుగా అలాగే పాడుతోంది. ఫోన్లో పాటకు కళ్లుండవు. రిటైరైన రైలు గార్డుగారి భార్య జట్టులో అందరికంటే పెద్దది, మోకాళ్లు సరిగా వంగవు. రెండో మలుపు దగ్గరే ఆవిడ ఆగిపోయింది. పాట ముందుకు పోయింది. వెనకనున్న అమ్మాయి ఆవిడను చుట్టి వెళ్లిపోయింది. ఆవిడ కర్రలు పట్టుకుని గోడ పక్కకు వచ్చేసింది.

"పాట ఎల్లిపోనాదే, నాను ఉండిపోనాను," అని నవ్వింది ఆవిడ.

మా అక్క నవ్వలేదు. ఇంటికొచ్చాక చెప్పులు విప్పకుండానే మా ఇద్దరితో అంది: "పండక్కి నేనే పాడతాను. ఎలా పాడతానో మీరిద్దరూ చూసుకోండి."

మొదట ఆంప్లిఫయరును బజారుకు తీసుకెళ్లాం. దుకాణదారు మూత కూడా విప్పలేదు. వాసన చూసి, "దాదా, ఇసే కబాడ్ మే డాలో," అని కొత్త డబ్బాలు చూపించబోయాడు. చెత్తలో పడేయమనడం బావకు నచ్చలేదు. "అచ్ఛా! పంకా కాలిపోతే బోగీని చెత్తలో పడేస్తామా?" అని వాడితో హిందీలోనే అని, డబ్బా తీసుకుని వచ్చేశాడు. దారిలో నాతో అన్నాడు: "కాల్చింది నేను. బాగుచేసేదీ నేనే. నువ్వు కళ్లు అప్పియ్యి చాలు."

బావకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక దగ్గరి చిన్న అక్షరాలు ఆనడం లేదు. పేపరు ఆఫీసులో ముప్పై ఏళ్లు అచ్చుతప్పులు ఏరిన కళ్లు నావి. వసారాలో బల్ల వేసుకుని, నేను భూతద్దంతో భాగాల మీది అంకెలు చదవడం, ఆయన మీటరు పెట్టి చూడడం అని పని పంచుకున్నాం.

"అచ్చు చదవడం నీ ఉద్యోగం కదా. ఒక్క సున్నా మింగీసావంటే నిన్నే కరెంటుకి తగిలించీస్తాను," అన్నాడు బావ.

మూత విప్పగానే మొదటి సంగతి బయటపడింది. ఫ్యూజు గాజుగొట్టం నల్లబడలేదు. దాని రెండు కొసలనూ కలుపుతూ ఎవరో ఎప్పుడో మామూలు రాగితీగ చుట్టేశారు. సరైన ఫ్యూజు ఉంటే ముందు అదే తెగిపోయి మిగతా వాటిని కాపాడేది. ఆ తీగ తెగకపోవడంతో రెట్టింపు వోల్టేజి నేరుగా లోపలికి వెళ్లింది. కరెంటు నిలవుంచే పెద్ద కండెన్సర్లు రెండూ ఉబ్బాయి, ఒకటి నెత్తి పగిలి లోపలి కాగితం బయటికొచ్చింది. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు మాడింది. అసలు గండం ట్రాన్స్‌ఫార్మరే. అది పోతే అలాంటిది మళ్లీ దొరకదు. బావ మీటరు మొనలు దాని తీగల మీద పెట్టి చూశాడు.

"బతికుంది," అన్నాడు.

అప్పటినుంచి ఆయన తొందర తగ్గి పట్టు పెరిగింది. బాగుచేసిన దాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. మధ్యలో ఒక పాతకాలం ఫిలమెంటు బల్బును వరసలో కలిపి పెట్టాలి. లోపల ఇంకా ఎక్కడైనా షార్టు ఉంటే కరెంటంతా బల్బే తీసుకుని నిండుగా వెలుగుతుంది, కొత్త భాగాలు కాలవు. షార్టు లేకపోతే ఒక్కసారి మెరిసి మసకబడుతుంది. కానీ ఇప్పుడు అన్నిచోట్లా ఎల్‌ఈడీలే. ఆ పాత బల్బు కోసం కాలనీ అంతా తిరిగాం. చివరికి కోళ్లు పెంచే ఒకాయన, కోడిపిల్లల వెచ్చదనానికి పెట్టిన బల్బును ఊడదీసి ఇచ్చాడు.

"రోజూ రాత్రికి తెచ్చీయండి బాబూ, పిల్లలు చలికి ముడుచుకుంటాయి," అన్నాడు.

మునుపటి వాటికంటే ఎక్కువ వోల్టేజి తట్టుకునే కండెన్సర్లు, కొత్త రెక్టిఫయరు, అసలైన ఫ్యూజు వేశాం. వెనకనున్న స్విచ్చును నేను 220కి జరిపాను. జరిగిందో లేదో బావ నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు. తర్వాత స్విచ్ వేశాడు. బల్బు నిండుగా వెలిగింది. కట్టేసి మళ్లీ వేశాడు. మళ్లీ అంతే.

"ఇంకా షార్టుంది," అన్నాడు.

"బావా, వదిలేద్దామా?" అన్నాను. నిజంగానే అన్నాను. నడుం లాగేస్తోంది.

"నువ్వు వార్త సగం దిద్ది వదిలీసేవాడివేటి?"

"చాలాసార్లు."

"అందుకే నీ పేపరు బజ్జీలకి ఎల్లిపోనాది. పట్టు, భూతద్దం పట్టు."

లోపలినుంచి అక్క వినే ఉంటుంది. టీ తెచ్చి బల్ల మీద పెట్టి, కాసేపు నిలబడి చూసి వెళ్లింది. ఆ నిలబడడంతో నా నడుం నొప్పి సంగతి నేను మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు స్పీకర్లను నడిపే పెద్ద ట్రాన్సిస్టర్లను ఒక్కొక్కటే ఊడదీసి కొలిచాం. రెండు స్పీకర్లకు రెండు జతలు. రెండు జతలూ పోయాయి. అవి లేకుండా బల్బు పెట్టి చూస్తే ఒక్కసారి మెరిసి, మెల్లగా ఎర్రటి దారంలా మిగిలింది. బావ నా భుజం మీద ఒకటి చరిచాడు. ఆనందంలో కొట్టినా ఫిట్టరు చెయ్యి ఫిట్టరు చెయ్యే.

బజార్లో దొరికిన ట్రాన్సిస్టర్ల మీది నంబరు బొటనవేలితో రుద్దితే చెరిగిపోయింది. నకిలీవి. అవి వద్దన్నాడు బావ. పక్క ఊరు బిల్హాలో రేడియోల దుకాణం మూసేస్తున్న ఒకాయన దగ్గర పాత సరుకు ఉందని విని, లోకల్ బండెక్కి వెళ్లాం. ఆయన డబ్బాలన్నీ బోర్లించి వెతికితే అసలైనవి ఒక్క జతే దొరికింది. తిరుగు బండిలో బావ ఆ పొట్లాన్ని జేబులో పెట్టి దాని మీంచి చెయ్యి తీయలేదు. ముఖం మాత్రం దిగులుగా ఉంది.

"ఒక జతంటే ఒక్క స్పీకరే మోగుతాది," అని ఇంటికెళ్లి అక్కకు చెప్పాడు, తప్పు చేసినవాడిలా.

"నాకు రెండు నోళ్లున్నాయేటి?" అంది అక్క. "ఒకటి చాలదూ?"

ఆ సాయంత్రం సోల్డరింగ్ పూర్తయింది. బల్బు మెరిసి మసకబడింది. తర్వాత బల్బు తీసేసి నేరుగా పెట్టాం. పొగ లేదు. స్పీకర్లో సన్నగా గాలి సవ్వడి. బావ మైకు తగిలించి అక్క చేతికిచ్చాడు. పాడుతుందని ఇద్దరం చూస్తున్నాం.

"అన్నానికి లేస్తారా, నన్ను ఇలాగే నిలబెట్టీస్తారా?" అంది అక్క మైకులో. ఆ మాట వీధి చివరికి వినపడింది. ఎదురింటివాళ్లు బయటికొచ్చి చూశారు.

పండగ రోజుకు ముందే బావ వెనకనున్న చిన్న స్విచ్చు మీద గట్టిగా లప్పం పెట్టి పూడ్చేశాడు, ఇక ఎటూ జరగకుండా. "మరి మీ కోచ్ కరెంటు?" అంది అక్క. "అది ఉంటాది. దీనికి మాత్రం ఒద్దు," అన్నాడు.

అమ్మవారి పందిట్లో ఒక్క స్పీకరే పెట్టాం. బ్లూటూత్ బాక్సు కూడా ఒక మూల సిద్ధంగా ఉంది, అవసరం పడితేనని. అందరి కళ్లూ ఒకసారి దాని మీదికి వెళ్లి వచ్చాయి. బావ కుర్చీ వేసినా కూర్చోలేదు. ఆంప్లిఫయరు మూత మీద అరచెయ్యి ఆనించి, వేడి చూస్తూ నిలబడ్డాడు.

అక్క మొదలుపెట్టింది. గొంతు సన్నగానే ఉంది. కర్రలు తగిలాయి. ఆ చప్పుడు పైనుంచి మాట విడివిడిగా వినిపించింది. మొదటి మలుపు దాటింది. రెండో మలుపు దగ్గర గార్డుగారి భార్య అడుగు ఆలస్యమైంది. అక్క చివరి మాటను పట్టి ఉంచింది. మామూలు కంటే ఎక్కువసేపు. ఊపిరి సరిపోక మధ్యలో గొంతు చిన్నగా జీరపోయింది కూడా. వదల్లేదు. ఆవిడ వచ్చి కర్ర కలిపాక తర్వాతి పాదం ఎత్తుకుంది.

పాట అయ్యాక అక్క నీళ్లు తాగుతుంటే బ్యాంకాయన భార్య చెమట తుడుచుకుంటూ వచ్చింది.

"ఆంటీ, మధ్యలో అలా లాగారు కదా, అది పాటలోనే ఉందా? నా ఫోన్లో పాటలో లేదు."

"నీకు నేర్పాలంటే పాట చాలదే, మనుషుల్ని చూడ్డం నేర్పాలి. రేపు సాయంత్రం ఇంటికి రా," అంది అక్క. "ఇప్పుడు మాత్రం వరసలో నిలబడు. రెండో పాట ఎత్తుకుంటున్నాను."