ఆపుడు చూసే మనిషి

మా మరిది పోయాడని మొన్న ఉదయం అతని కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. రాత్రి అన్నం తిని పడుకున్నవాడు నిద్రలోనే వెళ్లిపోయాడట. ఏడుపొచ్చింది. బాధ పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు అని విన్నాక మనసు కుదుటపడింది. మంచం పట్టడమంటే అతనికి చాలా భయం.

తొంభైల మొదట్లో మేము మస్కట్‌లో, అజైబా అనే పేటలో ఉండేవాళ్లం. మా వారిది ఆఫీసు ఉద్యోగం, నేను బడిలో లెక్కల టీచర్ని, మరిది ఒక కంపెనీలో బండ్ల ఇంజనీరు. శుక్రవారం సెలవు, అతని భోజనం మా ఇంట్లోనే. లోపలికి వచ్చేముందు వాకిట్లో మా జీపు టైర్లు నొక్కి చూసేవాడు. "బండికి గాలి చూసిన వదినె, ఇగ నాకు అన్నం పెట్టు" అనేవాడు. చెప్పులు మాత్రం ఎన్నిసార్లు చెప్పినా వరుసగా విడవలేదు.

ఒక ఏడు వానల కాలానికి ఎడారికి అవతల, తుంపర పడే సలాలా ఊరికి పోదామనుకున్నాం. జీపు వెనక తగిలించుకుని పోయే చక్రాల ఇల్లు, అంటే ట్రైలర్, మాకు చిన్నది ఉండేది. పిల్లలు ఎదిగి అది ఇరుకైంది. మా వారు దాన్ని ఇచ్చేసి బాగా పొడవైనది కొన్నారు. జీపు మాత్రం ఆ పాతదే, రెండు తలుపుల పొట్టిది.

"ఇంజను గట్టిది తమ్మీ, గుంజుతది."

"గుంజుడు ఎవనిక్కావాలె అన్నా? ఆపుడు చూడాలె."

మా వారు చూసి కొన్నది ఖాళీ ట్రైలర్ బరువు. నీళ్లు, గ్యాసు, బియ్యం, పరుపులు కూడి చూస్తే, జీపు లాగదగ్గ హద్దు దాటింది. "కొంచెమే గదా" అన్నారాయన. కొంచెం తప్పిన లెక్క కూడా తప్పే అన్నాను. మరిది వాదించలేదు. "నడు అన్నా, ఒక చుట్టు తిరిగొద్దాం. పిల్లల్ని ఇంట్లనే ఉండనీ" అన్నాడు.

సామాను నింపిన ట్రైలర్ తగిలించి ఖాళీ రోడ్డు మీద అతనే నడిపాడు, నేను వెనక సీట్లో కూర్చున్నాను. వేగం పెరిగేసరికి ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. ఊగిన కొద్దీ జీపునూ పక్కలకు ఈడ్చింది. "బ్రేకెయ్ తమ్మీ!" అని మా వారు అరిచారు. అతను వెయ్యలేదు. స్టీరింగు కదలకుండా పట్టుకుని, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, బండిని దానంతటదే నెమ్మదించనిచ్చాడు. బండి ఆగింది. పిల్లలు ఇంట్లో ఉన్నారు, ఇంట్లోనే ఉన్నారు అని నాలో నేను అనుకుంటూ కూర్చున్నాను.

మరిది దిగి ట్రైలర్ తలుపు తెరిస్తే బియ్యం బస్తాలు, నీళ్ల డబ్బాలు అన్నీ వెనక గోడకే ఆనించి ఉన్నాయి.

"గిట్ల ఎవరు సదిరిండ్రు?"

"నేనే. మనూర్ల ఎడ్లబండి కాడి మీద బరువు పడొద్దని ఎనకకు జరపమా?"

మరిది రోడ్డు పక్కనే కూలబడి నవ్వాడు. "ఎడ్లకు మెడ నొస్తది అన్నా! జీపుకేం నొస్తది? ముందట కొక్కెం మీద కొంత బరువుండాలె. అప్పుడే ట్రైలర్ తిన్నగ వస్తది."

"అయితే బస్తాలు ముందుకు జరిపి పోదామా?"

"ఊగుడు తగ్గుతది. గాని గీ పొట్టి జీపుకు గంత పొడుగు ట్రైలర్ ఆగదు. నీకు కోపమొస్తే రానీ, వదినె కోపం మాత్రం నాకొద్దు. బండి మార్సు."

మా వారు అలిగారు, మార్చారు. పొడవైన, బరువైన బండిని మరిదే చూసిపెట్టాడు. ట్రైలర్ బ్రేకులు విప్పి బాగుచేశాడు. బరువైనవి చక్రాల మీదికి, కాస్త ముందుకు సర్దించాడు. తనూ మాతో బయలుదేరాడు. ఎడారి రోడ్డు మీద పెద్ద లారీ రయ్యిన దాటిపోయినప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. ట్రైలర్ ఊగలేదు. "బాగుంది తమ్మీ" అన్నారు మా వారు. అంతకుమించి ఆయన ఎవరినీ మెచ్చుకోగా నేను వినలేదు.

సలాలా ముందు కొండ దిగుడంతా పొగమంచు. బ్రేకులు వేడెక్కకుండా మరిదే కింది గేరులో, తొందరపడకుండా దించాడు. కింద ఆపగానే పిల్లలు దూకి తుంపరలోకి పరుగెత్తారు. అతను ఒక్కో చక్రం దగ్గర వంగి చెయ్యి పెట్టి చూశాడు. "కాలుతలేవు వదినె" అన్నాడు. అన్నాక కూడా చెయ్యి తియ్యలేదు. జుట్టంతా తుంపర పట్టి, పిల్లల కేకలు వింటూ, జ్వరం దిగిన బిడ్డ నుదుటి మీద పెట్టినట్టు ఆ చక్రం మీద చెయ్యి అలాగే ఉంచి ఉండిపోయాడు.